ఏనుగు నెత్తికి ఒక దీపం

నా మాటల్లో పావలా వంతు నిజం, ముప్పావలా వంతు ఉప్పూకారం అని మా లలితమ్మ పెళ్ళయిన ఏడాదికే తేల్చేసింది. యాభై ఏళ్ళయినా ఆ తూకం మారలేదు. ఇప్పుడు చెప్పేది సకల జనుల సమ్మె నాటి సంగతి. ఇందులో ఉప్పూకారం కొంచెం తక్కువ. నేను కలపకముందే సరిపడా పడి ఉంది.

రెండువేల పదకొండు, సెప్టెంబరు నెల. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులకు తాళాలు. బొగ్గుబావుల్లో పని ఆగేసరికి కరెంటు కూడా సమ్మెలో చేరినట్టే అయింది. పొద్దున ఒక విడత, మాపటికి ఒక విడత చెప్పకుండా పోయేది, దయ కలిగినప్పుడు వచ్చేది. మా కొడుకు నరేష్‌కుమార్ తుర్కయంజాల్ అవతల సర్కారు బడిలో పంతులు. బడి మూసినప్పటి నుంచి పొద్దున్నే చాయ తాగి ఎల్బీనగర్ చౌరస్తాలోని సమ్మె డేరాకు నడిచిపోయేవాడు, గొంతు అక్కడే వదిలి సాయంత్రం వచ్చేవాడు. కోడలు విజయశ్రీ ఒక ప్రైవేటు బడిలో చెప్పేది. ఆ బడీ మూతే. చైతన్యపురి సందులోని మా కిరాయి ఇంట్లో మిగతా ముగ్గురం పగటిపూట ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం అదే మొదలు.

నా పని రఫ్ఫు. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టి, ఊరి బడిలో అయిదో తరగతి గట్టెక్కి, పట్నం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణం మెట్ల మీద నలభై ఏళ్ళు కూర్చున్నాను. చిరిగినచోట పోగు పోగూ అల్లి, అక్కడ చిరిగిందన్న సంగతి బట్టకే గుర్తులేకుండా చేయడం రఫ్ఫు. మా తాత ఇందులో నాకంటే మొనగాడు. ఒకసారి ఒక నవాబు గారి షేర్వాణీ రఫ్ఫు చేసి పట్టుకుపోతే, ఆయన ఇటు తిప్పి అటు తిప్పి చూసి, ఇది నాది కాదు, నాది చిరిగింది అని తిప్పి పంపించాడట. ఇక చేసేదిలేక మా తాత బతికినన్నాళ్ళూ ఆ షేర్వాణీ వేసుకునే మేకల పాలు పిండాడు. ఇది పావలా వంతులోకి వస్తుందో ముప్పావలాలోకి వస్తుందో మీరే చూసుకోండి.

ఆ ఏడు ఆగస్టులో నా కుడికంటికి శుక్లం తీశారు. బయటికి వెళ్తే నల్లద్దాలు పెట్టుకోవాలన్నారు, ఎండ మొహం చూడొద్దన్నారు. నరేష్ ఇంకో అడుగు ముందుకు వేసి సూది మొహం కూడా చూడొద్దన్నాడు. అరవై తొమ్మిదేళ్ళు వచ్చినయి, ఇంక చాలు, ఎవరి చీరో పాడుచేసి మాట పడేదాకా తెచ్చుకోకు అని వాడి వాదం. నాకు కోపం రాలేదంటే అది ముప్పావలా వంతు.

సరిగ్గా అప్పుడు ఎదురింటి వెంకాయమ్మగారు చీర పట్టుకుని వచ్చింది.

వాళ్ళు రేపల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు. ఆవిడ కొడుకు పట్టాభి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాడు. ఉద్యమం మొదలయ్యాక మా నరేషూ పట్టాభీ మాటలు మానేశారు. కొట్లాట ఏమీ లేదు. అంతకుముందు క్రికెట్టు చూడ్డానికి ఒకరింటికి ఒకరు పోయేవాళ్ళు, ఇప్పుడు ఎవరి టీవీ వాళ్ళు గట్టిగా పెట్టుకుంటున్నారు. ఆడవాళ్ళ మధ్య మాత్రం కూర గిన్నెలు ఎప్పటిలాగే సందు దాటుతున్నాయి.

పాత పోచంపల్లి పట్టుచీర అది. మీగడరంగు మీద మెరూన్ ఏనుగులు, పమిట చెంగున అడ్డంగా పదకొండు. ట్రంకుపెట్టె మేకు పట్టి అందులో ఒక ఏనుగు నెత్తి అరచేయంత మేర ఊడిపోయింది. ఆవిడ మనవరాలు సింధుకు దసరా మర్నాడు ఏకాదశి నాడు నిశ్చితార్థం. నానమ్మ చీరే కడతానని పిల్ల పట్టు. ఈ పరిస్థితుల్లో ఎదురింట్లో ఎందుకమ్మా, బెజవాడ పంపిద్దాం అని పట్టాభి అన్నాడట. రైళ్ళు ఏ రోజు ఆగుతాయో తెలియనప్పుడు బెజవాడ మాత్రం ఎక్కడుంది. వెంకాయమ్మగారు వాడికిచ్చిన జవాబు మాకూ చెప్పింది.

“చీర చిరిగింది మేకు తగిలి, ఉద్యమం తగిలి కాదు గదా అన్నానండీ. తప్పా?”

తప్పు కాదన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. చీర చెంగు చేతిలోకి తీసుకుని, అమ్మా, ఇది నేసింది నేనే, పందొమ్మిదివందల డెబ్బై ఆరులో, ఈ ఏనుగు తొండం దగ్గర మూడు రోజులు ఆగాను అనేశాను. వంటింట్లో లలితమ్మ దగ్గింది.

గడపలో చెప్పులు విడుస్తున్న నరేష్ ఇదంతా విన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక మొదలుపెట్టాడు. దవాఖానలో ఏం చెప్పారు, నువ్వేం చేస్తున్నావు, అసలే వాళ్ళకూ మనకూ మాటల్లేవు, చీర చెడితే కావాలనే చెడగొట్టారంటారు. వాడన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. అందుకే నేను పందేనికి దిగాను.

“దసరా నాడు ఆ అమ్మనే వెలుతుర్ల చూస్తది. పదకొండు ఏనుగులల్ల ఏది చిరిగిందో ఏలు పెట్టి చూపెడితే, నా సూదుల డబ్బా నీ చేతుల పెడ్త. మళ్ళ అడగ.”

“చూపెట్టకపోతే?”

“సచ్చేదాంక నన్ను అడ్డుకోవద్దు.”

వాడు పంతులు కదా, పరీక్ష అంటే కాదనలేడు. సరేనన్నాడు. పద్దెనిమిది రోజుల గడువు.

*

పని చేయడానికి మాకున్నది మధ్యగది ఒక్కటే. మా ఇంటికి అటొక హాస్టలు, ఇటొక హాస్టలు, రెండూ నాలుగంతస్తులు. ఆ గదిలో మిట్టమధ్యాహ్నం అన్నం తింటే ముద్ద ముక్కులోకి పోతుంది. బయట అరుగు మీద కూర్చుందామంటే నా కంటికి ఎండ పడదు, పట్టుకు దుమ్ము పడదు. గదిలో కరెంటుంటే ట్యూబులైటు ఉంది. కరెంటే లేదు. కొవ్వొత్తి పెడతానంటే పట్టు మీద చుక్క పడితే ఎవరు జవాబు చెప్తారని లలితమ్మ లాక్కుంది. ఛార్జింగు లాంతరు పక్కన పెట్టుకుంటే నా చేతి నీడ నా సూది మీదే పడుతుంది. లాంతరును ఎడమకు పెడితే నీడ కుడికి పోతుంది, కుడికి పెడితే ఎడమకు వస్తుంది. అప్పుడు అర్థమైంది, కన్ను ఎటు తిరిగితే వెలుగు అటు తిరగాలి. అంటే దీపం నెత్తినే ఉండాలి.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు బయట ఫుట్‌పాత్ మీద సైదులు టార్చిలైట్లు అమ్ముతాడు. నా మెట్ల రోజుల నుంచి పరిచయం. బంద్ రోజుల్లో దుకాణాలన్నీ షట్టర్లు దించితే వాడికి షట్టరే లేదు, దుప్పటి సగం మడిచి కూర్చునేవాడు. కరెంటు పోయిన పట్నంలో వాడిదే రాజ్యం. నెత్తికి కట్టుకునే దీపాలు నాలుగైదు రకాలు ముందర పరిచాడు. అందులో ఒకదాన్ని పెట్టి వెలిగిస్తే నల్లద్దాల్లోంచి కూడా నాకు కన్ను గుచ్చుకుంది.

“ఎల్ఈడీ కాక. ఏడు బుగ్గల లైటు. కొండ మీద దొంగను ఈడికెల్లి పట్టొచ్చు.”

నాకు పట్టవలసిన దొంగలెవరూ లేకపోయినా, ఎక్కువ వెలుగు మంచిదే కదా అనుకున్నాను. కళ్ళు మసకైన ముసలివాడు ఎవడైనా అట్లాగే అనుకుంటాడు. కొన్నాను. ఇంటికి తెచ్చాక విజయశ్రీ పెట్టె మీది రాతలు చదివి నెమ్మదిగా అంది, మామా, దీన్ని కరెంటుకు పెట్టి ఛార్జింగు చేయాలట అని. కరెంటు లేనప్పుడు వెలిగే దీపానికి ముందు కరెంటు కావాలి. సరే, వచ్చిన గంటసేపూ దానికే పెట్టాం. ఫ్రిజ్జు వంతు తర్వాత వచ్చేది.

ఆ దీపం పెట్టుకుని ఒక సాయంత్రం గల్లీలోకి వచ్చాను. హాస్టలు పిల్లలు ఆటో అనుకుని చెయ్యెత్తారు. పక్క సందులో కోడిపుంజు తెల్లారిందనుకుని కూసింది. కూసిందనే చెప్తాను, సాక్షులు లేరు.

పనికి మాత్రం కూర్చున్నాను. చీరను చెక్క చట్రానికి బిగించాను. పాత దారపు కండెల డబ్బా తీశాను. నలభై ఏళ్ళుగా దాచిన పట్టు పోగులున్నాయి అందులో, మెరూన్ రకాలే పది. కొత్త మెరూన్ వద్దు, చీర వెలిసింది గనుక వెలిసిన మెరూన్ కావాలి. దీపం వెలుగులో ఒక్కొక్కటే చీర మీద పెట్టి చూసి, అతికినట్టు కలిసిపోయినదాన్ని ఎంచాను. నిలువు పోగులు వేశాను. రోజుకు మూడు నాలుగు గంటలు, కరెంటు పోయిన వేళ చూసి మరీ. తెల్లటి వెలుగు పట్టు మీద పడి తిరిగి కంట్లోకే కొట్టేది, కన్ను నీళ్ళు కారేది, తుడుచుకుని మళ్ళీ వంగేవాణ్ణి. లలితమ్మ చాయ తెచ్చి చట్రానికి ఆమడ దూరంలో పెట్టేది. తొమ్మిదో రోజుకు ఏనుగు నెత్తి సగం పైగా పూడింది. వేలితో తడిమితే నాకే తెలియడం లేదు. నరేష్ డేరా నుంచి వస్తే వాడికి వినబడేట్టు చిన్నగా ఈల వేశాను.

పదో రోజు పొద్దున గది ఊడ్చడానికి విజయశ్రీ చట్రాన్ని ఎత్తి అరుగు మీదికి తీసుకుపోయింది. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూలు అక్కడ గంపలో ఉన్నాయి. వాటి పక్కన గోడకు ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వచ్చి నిలబడింది.

“మామా, మీరు జర అద్దాలు తీసి బయటికి రండ్రి. ఒక్క నిమిషమే.”

వెళ్ళాను. నల్లద్దాలు తీశాను. ఏనుగు నెత్తిన వంకాయ ముక్క అతికించినట్టుంది.

మెరూన్ కాదది. వంగపండు రంగు. ఆ తెల్ల దీపంలో రెండూ ఒకే రంగై నన్ను మోసం చేశాయి. బయటికి వచ్చినప్పుడల్లా నల్లద్దాల వెనక అన్ని రంగులూ ఒకే రంగు. ఇంకో మాయ కూడా అప్పుడే బయటపడింది. ఎడమకన్ను మూసి చూస్తే పోగు ఊదాగా ఉంది. కుడికన్ను మూసి చూస్తే ఎర్రగా ఉంది. శుక్లం తీసిన కన్ను నీలం వైపు మొగ్గింది, తీయని కన్ను పసుపు వైపు లాగుతోంది. లోకమంతా రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నా మొహంలోనే రెండు రాష్ట్రాలయ్యాయి, సరిహద్దు ముక్కు.

నవ్వించడానికే అన్నాను. విజయశ్రీ నవ్వలేదు. ఇంకా ఎనిమిది రోజులున్నయి మామా అంది.

లలితమ్మ చట్రం చూసి, ఇంక ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పేయమంది. వెంకాయమ్మ మంచిది, ఏమీ అనదు. అదే నాకు మింగుడుపడలేదు. ఏమీ అనకుండా చీర వెనక్కి తీసుకుని, ట్రంకులో పెట్టి, ఆ పిల్లకు ఇంకో చీర కడుతుంది. నా మెట్ల మీద నలభై ఏళ్ళలో ఎవరూ అట్లా తిరిగి పోలేదు. కత్తెర తెమ్మన్నాను. తొమ్మిది రోజుల పని పోగు పోగూ ఊడదీయడానికి పగలంతా పట్టింది. సాయంత్రం నరేష్ వచ్చి చూశాడు. గెలిచాననలేదు. బొంగురు గొంతుతో అన్నం తిన్నావా నాయినా అని మాత్రం అడిగాడు. అది ఇంకా కాలింది.

*

మర్నాడు సైదులు దగ్గరికి విజయశ్రీని వెంట తీసుకుపోయాను. చీర తేలేం గనుక, వంగపండు పోగు ఒకటి, మెరూన్ పోగు ఒకటి, తెల్ల బట్టముక్క మీద కుట్టి పట్టుకుపోయాం. దుప్పటి వెనక షట్టర్ నీడలో కూర్చుని, నెత్తి మీద తువ్వాలు కప్పుకుని, ఒక్కొక్క దీపం కట్టుకుని చూడటం మొదలుపెట్టాను. ఏది మోసం చేస్తుందో, ఏది చేయదో విజయశ్రీ పక్కనే ఉండి చూసి చెప్పింది.

ఒకటి అడవిలో తిరిగేవాళ్ళదట. బ్యాటరీల పెట్టె మెడ వెనక వేలాడుతుంది. కట్టుకుంటే తల తనంతట తానే ఆకాశం చూస్తోంది. ఇంకోదానికి వెలుగు నడుమ కాలిపోతున్నంత తెలుపు, చుట్టూ చీకటి. సూది మొన కనిపిస్తే తోక కనిపించదు. ఇంకోటి బాగానే ఉంది గాని పట్టీ సన్నం, నూనె రాసిన నా తల మీద నిలవకుండా కళ్ళ మీదికి దిగివచ్చింది. సైదులు ప్రతిదాన్నీ పొగిడాడు. నేను ప్రతిదాన్నీ విప్పి ఇచ్చాను. చివరికి వాడికే విసుగొచ్చింది.

“కాక, పెండ్లికి పిల్లను జూస్తున్నవా, లైటు జూస్తున్నవా?”

“పిల్లయితే ఒక్క చూపుల ఒప్పుకుంటుంటి. గిది నా నెత్తిమీద కాపురం జేసేది.”

అప్పుడు వాడు దుప్పటి మడతలోంచి ఎవరూ కొనని పాత సరుకు తీశాడు. చిన్న గాజు బుగ్గ, లోపల తీగ, రెండు సన్నటి సెల్లులు. వెలిగిస్తే నిమ్మపండంత వెలుగు, నిమ్మపండు రంగే. పట్టీ మూడు వేళ్ళ వెడల్పు. దీపాన్ని కిందికి వంచితే ప్రతి మెట్టు దగ్గరా కటుక్కుమని ఆగుతుంది, దానంతటది జారదు. జానెడు దూరంలో చేయి పెట్టి చూశాను. వెలుగు మొత్తం ఒకే తీరుగా పరుచుకుంది. కన్నులోకి తిరిగి కొట్టలేదు. సెల్లులు అయిపోతే మార్చుకోవచ్చు, కరెంటు కాళ్ళు పట్టుకోనక్కరలేదు. ఇదే అన్నాను.

విజయశ్రీ బట్టముక్క ముందర పెట్టింది. ఆ పసుపు వెలుగులోనూ వంగపండూ మెరూనూ అన్నదమ్ముల్లాగే ఉన్నాయి.

సైదులు నా మొహం చూసి దీపం వెనక్కి తీసుకోబోయాడు. విజయశ్రీ ఆపింది. వాళ్ళమ్మ పోచంపల్లిలో నూలుకు ముడులు కట్టి రంగులో ముంచే పని చేస్తుంది. ఈ పిల్ల పదో తరగతి దాకా ఆ ముడుల మధ్యే పెరిగింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఎన్నడూ అడగలేదు.

“రంగు దీపానికి ఎందుకు చూపెట్టుడు మామా. పొద్దుగాల ఎండల నేను చూసి తీసి పెడ్త. ఒక్కో రంగుకు ఇన్ని ముడులని కొసకు ఏసి పెడ్త. మీరు లోపట ముడులు తడిమి తీసుకోండ్రి. దీపానికి బొక్క కనవడితే చాలు కదా.”

నలభై ఏళ్ళు రఫ్ఫు చేసిన నా బుర్రకు అది తట్టలేదు. మెట్ల మీద ఎప్పుడూ పగలే కూర్చున్నాను కదా, రంగు చూసే పనీ చిరుగు చూసే పనీ రెండు వేరు పనులని తెలుసుకునే అవసరం రాలేదు. సైదులుతో మాత్రం ఇది నేను ఎప్పుడో కనిపెట్టిన పద్ధతేనని చెప్పాను. పిల్ల తల వంచుకుని నవ్వింది. దీపం కొన్నాం.

*

పొద్దున తొమ్మిదింటికి, నీడ హాస్టలు గోడ దిగకముందు, విజయశ్రీ అరుగు మీద కూర్చునేది. డబ్బాలోని కండెలన్నీ విప్పి, ఒక్కొక్క పోగును చీర మీద పరిచి, తల అటు వంచి ఇటు వంచి చూసేది. వెలిసిన మెరూన్‌కు ఒక ముడి. ఏనుగు చెవి మడతలో ముదురు మెరూన్‌కు రెండు. మీగడకు మూడు. పోచంపల్లి చీరలో బొమ్మ అంచు గీత గీసినట్టుండదు, రంగు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మెల్లగా కరుగుతుంది. ఆ కరిగే చోటుకు రెండు రంగులకూ నడుమనుండే పోగు కావాలి. దానికి ముడి వేయకుండా వదిలేది. నేను మధ్యగదిలో నిమ్మపండు వెలుగులో వంగి, కొసలు తడిమి, పోగు ఎక్కించేవాణ్ణి.

నాలుగు రోజులకు నిలువు పోగులు పూర్తయ్యాయి. అడ్డం పోగులు మిగిలాయి. అసలు పని అదే. ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి, ఒక్కటి తప్పినా ఆ వరుసంతా దొంగ.

సద్దుల బతుకమ్మ ముందురోజు. గల్లీలో ఆడవాళ్ళు పూలు పేరుస్తున్నారు. కరెంటు లేదు. నేను మూడోవంతు అడ్డం పోగులు వేసేసరికి కుడికన్ను పొంగింది. తుడిస్తే ఆగలేదు. సూది మొన రెండైంది. రెండిట్లో ఏది నిజమో తెలియక ఏనుగును కాకుండా నా వేలినే కుట్టుకున్నాను. విజయశ్రీ వచ్చి నన్ను వెనక్కి వాల్చి కంట్లో చుక్కల మందు వేసింది. పది నిమిషాలు కళ్ళు తెరవొద్దంది. దీపం ఆర్పలేదు, నా నెత్తి మీంచి తీసి పక్కన పెట్టింది.

కళ్ళు మూసుకుని పడుకున్నాను. బయట చప్పట్లు సాధన చేస్తున్నారు. లోపల పట్టు మీద సూది దూరే చప్పుడు. అది ఎంత చిన్న చప్పుడంటే, నలభై ఏళ్ళు చేసినవాడికే వినబడుతుంది. నేను కళ్ళు తెరవలేదు.

పది నిమిషాలయ్యాక లేచాను. ఆ పిల్ల చట్రం దగ్గర్నుంచి లేచి నిలబడి ఉంది. నాలుగు వరుసలు వేసిన మామా, నచ్చకుంటే ఇప్పేస్త అంది. దీపం చేత్తో పట్టుకుని వంగి చూశాను. విప్పుదామనే చూశాను. ఆ నాలుగు వరుసలు ఎక్కడ మొదలయ్యాయో వెతికాను. మొదట కళ్ళతో, తర్వాత వేలి కొసతో, తర్వాత చీర తిరగేసి వెనక నుంచి. కాసేపయ్యాక వెతకడం మానేశాను.

“పట్టీ జర బిగించుకో,” అన్నాను దీపం ఇస్తూ. “నీ తలకాయ చిన్నది.”

మిగిలిన మూడు రోజులూ దీపం ఆమె నెత్తినే ఉంది. నేను పక్కన కూర్చుని పోగులు తడిమి ఇచ్చాను. సూదిని లాగకు, తోలు అన్నాను. పోగు తెగితే తిట్టాను. తెగకపోతే కథలు చెప్పాను. మా తాత నడిచే ఎడ్లబండిలో, అమావాస్య చీకట్లో, ఎద్దు చెవి చిరిగితే రఫ్ఫు చేసిన కథ కూడా చెప్పాను. ఆ పిల్ల సూది మీంచి కన్ను తీయకుండానే, ఎద్దుకు ఎన్ని ముడులేసిండు మామా అని అడిగింది. నరేష్ గడపలో నిలబడి ఇదంతా చూసి, చప్పుడు చేయకుండా వంటింట్లోకి పోయి, తనే చాయ పెట్టి తెచ్చాడు. పందెం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

*

దసరా పొద్దున ఎదురింటికి నలుగురం వెళ్ళాం. నరేష్ ఆ గడప తొక్కి ఎనిమిది నెలలు. పట్టాభి లేచి కుర్చీ జరిపాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఇద్దరూ నన్ను చూశారు.

బాల్కనీలో దుప్పటి పరిచి, దాని మీద పమిట చెంగు పరిచాం. పదకొండు ఏనుగులు ఎండలో వరుసగా నిలబడ్డాయి. పందెం సంగతి చెప్పాను. చిరిగింది ఎన్నోదో వెంకాయమ్మగారికి గుర్తులేదు, నాలుగోదా, ఏడోదా అనుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి ఏనుగు నుంచి వేలితో తడుముకుంటూ వచ్చింది. సింధు నానమ్మ భుజం మీంచి వంగి చూస్తోంది. నా కుడికన్ను కొట్టుకుంటోంది. ఆరో ఏనుగు దాటింది. ఏడోది. పదకొండోదాని దాకా పోయి, ఆగి వెనక్కి వచ్చింది. అయిదో ఏనుగు నెత్తిన వేలు పెట్టి నిలిపింది.

“ఇదేనండీ. ఇక్కడ కొంచెం గరుకుగా ఉంది.”

అది కాదు. అది నేసినవాడి తప్పు, మగ్గం దిగిన నాటి నుంచి అక్కడే ఉంది. మాది ఎనిమిదోది. నేను వేలు పెట్టి చూపించాక ఆవిడ మళ్ళీ తడిమి, చీర తిరగేసి చూసి, కళ్ళజోడు తీసేసింది. నరేష్ నావైపు తిరిగాడు.

“గెలిచినవ్ నాయినా. ఇగ నేను అడ్డురాను.”

గెలిచిన మొహం పెట్టడం నాకు చేతకాని పని కాదు. జీవితమంతా చేసిందే. కాని ఎండలో ఆ ఎనిమిదో ఏనుగు నన్నే చూస్తున్నట్టుంది.

“నిలువు పోగులు నాయి,” అన్నాను. “అడ్డం పోగులల్ల రెండొంతులు మా విజయశ్రీ ఏసింది. రంగులన్నీ ఆ పిల్లనే తీసింది.”

వెంకాయమ్మగారు నవ్వింది. మీ మాటలు మాకు కొత్తా సిద్ధిరాములు గారూ, పండగపూట కోడలికి కట్నం చదివిస్తున్నారు అంది. పట్టాభి కూడా నవ్వాడు. నేను ఒట్టు పెట్టుకుంటే ఇంకా నవ్వారు. చివరికి ఆవిడ విజయశ్రీనే అడిగింది.

“మామనే చేసిండు పెద్దమ్మా. నేను పోగులు అందిచ్చిన,” అంది పిల్ల, తల దించుకుని.

బుద్ధెరిగిన తర్వాత నేను ఎదురింట్లో చెప్పిన మొదటి నిజం అది. దాన్ని మా కోడలు అబద్ధం చేసింది. నేను నోరు తెరిచేలోపు వెంకాయమ్మగారు విజయశ్రీ ఎడమచేయి అందుకుని ఎండలోకి తిప్పింది. చూపుడువేలి కొసన సూది పోట్లు, జల్లెడలాగా. ఆవిడ ఒక్కో పోటు మీద బొటనవేలు ఆనించి చూసింది. తర్వాత నా చేయి వైపు చూసింది. నా వేలికి ఒక్కటే ఉంది.

ఆవిడ లోపలికి వెళ్ళి, బీరువా తెరిచిన చప్పుడయింది. ఒక పాత నేత చీర, అంచు దగ్గర బెత్తెడు చిరుగు, పట్టుకుని వచ్చింది. అలవాటు కొద్దీ నేను చేతులు చాచాను. ఆవిడ నన్ను దాటి వెళ్ళి, చీరను విజయశ్రీ చేతుల్లో పెట్టింది.

“ఇది మా అత్తగారిదమ్మా. తొందరేం లేదు. ఎన్నాళ్ళు పడుతుంది?”

విజయశ్రీ నా వంక చూసింది. నేను పట్టాభి ఇంటి ఫ్యాను వంక చూశాను. కరెంటు లేదు, అది తిరగడం లేదు, అయినా శ్రద్ధగా చూశాను. పిల్ల చీరను గోడ దగ్గరికి, ఎండ పడే చోటికి తీసుకుపోయింది. చిరుగును రెండు వేళ్ళ మధ్య పట్టి ముందు చూసింది, వెనక చూసింది, ఒక పోగు లాగి వెలుతురుకు పెట్టి చూసింది.

“వారం పడ్తది పెద్దమ్మా,” అంది.

నేనయితే రెండు రోజులని ఉండేవాణ్ణి.